డిఫెన్స్ ఆడేవాళ్లకు పేరు రాదంటే నేను ఒప్పుకోను

"అమెరికాలో మా అబ్బాయి ఐస్ హాకీలో డిఫెన్స్ ఆడుతున్నాడు. గోల్స్ ఉండవు, పేరు ఉండదు. ఫార్వర్డ్‌కి మార్చమని కోచ్‌ని అడగొచ్చా?" అన్నది మీ ప్రశ్న.

అడగొద్దండి. ముందు వందేళ్ల కిందటి ఐస్ హాకీ డిఫెన్స్ ఆటగాడు జో హాల్ గురించి వినండి. నేను ఎమ్మెస్ చదివింది మిషిగన్‌లోని హోటన్‌లో, ఉద్యోగం చేస్తున్నది సియాటిల్‌లో. ఆయన జీతానికి ఆడటం మొదలుపెట్టిన తొలి రోజుల ఊరు అది, ప్రాణం వదిలిన ఊరు ఇది. అందుకే ఆయనంటే నాకు అంత అభిమానం.

హోటన్ చుట్టూ రాగి గనులు. కెనడాలో డబ్బు తీసుకుని ఆడటాన్ని తప్పుగా చూసే కాలంలో, 1904లో, ఆటగాళ్లందరికీ జీతాలిచ్చే మొదటి హాకీ లీగ్ ఇక్కడ మొదలైంది. కెనడాలోని మానిటోబాలో పెరిగిన హాల్ కూడా వచ్చి హోటన్ జట్టు పోర్టేజ్ లేక్స్‌లో చేరాడు. మొదట్లో ఫార్వర్డ్‌గా గోల్స్ కొట్టినవాడే. కానీ నిలిచింది డిఫెన్స్‌లో. 1912, 1913లలో క్వెబెక్ జట్టు తరఫున ఐస్ హాకీలో అతి పెద్ద ట్రోఫీ అయిన స్టాన్లీ కప్ గెలిచాడు.

1919 స్టాన్లీ కప్ ఫైనల్ సియాటిల్‌లో, కొన్ని మ్యాచ్‌ల సిరీస్‌గా జరిగింది. అప్పటికి హాల్ మాంట్రియల్ కెనడియన్స్ ఆటగాడు, వయసు ముప్పై ఐదు దాటింది. ఐదో మ్యాచ్‌లో సియాటిల్ 3-0తో ముందుంది. మాంట్రియల్ స్కోరు సమం చేసి, అదనపు సమయంలో 4-3తో గెలిచింది. ఆ గెలుపు పూర్తయ్యేదాకా హాల్ మంచు మీద ఉండలేకపోయాడు, జ్వరంతో మధ్యలోనే బయటికి వచ్చేశాడు. అది అప్పట్లో ప్రపంచమంతా పాకిన స్పానిష్ ఫ్లూ. జట్టులో చాలామంది మంచం పట్టడంతో ఏప్రిల్ 1న జరగాల్సిన చివరి మ్యాచ్ కొన్ని గంటల ముందు రద్దయింది. కప్ మీరే తీసుకోండని మాంట్రియల్ వాళ్లు అన్నా సియాటిల్ మేనేజర్ పీట్ మల్డూన్ వద్దన్నాడు. ఏప్రిల్ 5న హాల్ న్యుమోనియాతో చనిపోయాడు. ఆ ఏడాది కప్ ఎవరికీ ఇవ్వలేదు.

ఇక్కడి హాకీ జట్టు క్రాకెన్ జెర్సీలు వేసుకుని మ్యాచ్‌లకు వెళ్లే మన సియాటిల్ తెలుగువాళ్లకే ఈ సంగతి తెలియదు, నాకదే బాధ. టీవీ హైలైట్స్‌లో గోల్స్ తప్ప ఇంకేం చూపిస్తారు? గోల్ పడకుండా ఆపినవాడు అందులో కనిపించడు. మొరటు ఆటకి హాల్‌కి పడ్డ పెనాల్టీలు ఎక్కువే, కాబట్టి 'బ్యాడ్ జో' అనే పేరు అంటించేశారు. 1961లో గొప్ప ఆటగాళ్లని గౌరవించే హాకీ 'హాల్ ఆఫ్ ఫేమ్'లోకి తీసుకున్నా ఆ ముద్ర పోలేదు. దెబ్బలు కాచుకుంటూ అన్నేళ్లు ఆడినవాడికి అది అన్యాయం.

కోచ్‌ని ఏమైనా అడగాలనుకుంటే, బాబుకి డిఫెన్స్‌లో పనికొచ్చేలా వెనక్కి స్కేట్ చేయడం ఇంకా బాగా నేర్పమని అడగండి.