రెండో కొటేషన్ మీద మోజు పడే ముందు

ప్రశ్న: ఇల్లు వెచ్చగా ఉంచే పాత కరెంటు హీటర్లు తీసేసి హీట్ పంప్ పెట్టించాలనుకుంటున్నాం. గాలిలోంచి వేడి లాగే రకానికి ఒక కొటేషన్ వచ్చింది. బోరు వేసి భూమిలోంచి లాగే రకానికి దానికి రెట్టింపు పైనే చెప్పారు. బిల్లు బాగా తగ్గుతుందట. దాచుకున్నదంతా తీసి రెండోదే పెట్టించమంటారా?

జవాబు: వద్దండీ, ముందు లెక్క చూడండి. మీ ఇంటికి ఏడాదికి 9,000 యూనిట్ల వేడి కావాలనుకుందాం. మామూలు హీటర్ ఒక యూనిట్ కరెంటుకి ఒక యూనిట్ వేడే ఇస్తుంది కాబట్టి 9,000 యూనిట్లూ కాలాల్సిందే. హీట్ పంప్ వేడిని పుట్టించదు, బయట ఉన్నదాన్ని లోపలికి తోడుతుంది, అందుకని గాలి రకం సగటున మూడు రెట్లు ఇచ్చినా 3,000తో సరిపోతుంది. భూమి రకం నాలుగు రెట్లు ఇచ్చిందనుకోండి, 2,250. అంటే హీటర్ వదిలించుకోగానే 6,000 మిగిలిపోయాయి, బోరుకి పోసే అదనపు డబ్బంతా మిగిల్చేది ఇంకో 750 మాత్రమే. ఆ 750ని మీ యూనిట్ రేటుతో గుణించి, రెండు కొటేషన్ల మధ్య తేడాని దాంతో భాగించండి, ఎన్నేళ్లకి తిరిగొస్తుందో తేలిపోతుంది. అమ్మేవాళ్లు రెండో రకాన్ని కూడా మీ పాత హీటర్‌తోనే పోల్చి చూపిస్తారు, మరి గొప్పగా కనపడక ఏం చేస్తుంది!

అలాగని భూమి రకం దండగ కాదు. చలి ముదిరేకొద్దీ గాలి రకం పనితనం పడిపోతుంది, బయట పెట్టే మెషీన్ మీద మంచు పేరుకుంటే దాన్ని కరిగించడానికీ కరెంటు కావాలి. నేల లోతున వేడి పెద్దగా మారదు, పైపులు కూడా దశాబ్దాలు ఉంటాయి. చలి బాగా ఎక్కువ, ఇల్లు పెద్దది, ఇరవై ఏళ్లు అక్కడే ఉంటాం అంటే ఆలోచించండి. లేకపోతే గాలి రకమే తీసుకుని, మీ దగ్గర పడే అతి తక్కువ ఉష్ణోగ్రతలో అది ఎంత వేడి ఇస్తుందో కాగితం మీద రాయించుకోండి.

ఇంకొకటి, ముందు కిటికీల సందులు మూయించి, పైకప్పులోంచి వేడి పోకుండా ఇన్సులేషన్ చేయించండి. తర్వాత చిన్న మెషీనే సరిపోతుంది, అవసరానికి మించి పెద్దది పెడితే మాటిమాటికీ ఆగి మొదలవుతూ తొందరగా అరిగిపోతుంది.

డబ్బు సంగతికొస్తే, ఆరు నెలల ఖర్చులకి ఉంచుకున్నది మాత్రం ముట్టుకోవద్దు. మిగతాది చాలకపోతే చిన్న లోన్ తీసుకోండి, కానీ ఏడాది మొత్తం కట్టే ఈఎంఐలు ఏడాదిలో తగ్గే బిల్లు కంటే తక్కువ ఉంటేనే.