కప్పు గెలిచిందా, గెలుచుకుందా?

సందేహం: ఫ్రాన్స్ ఫుట్‌బాల్ క్లబ్బు పారిస్ సెయింట్ జెర్మెయిన్ (పీఎస్‌జీ) ఇంటర్‌కాంటినెంటల్ కప్పు నెగ్గిన వార్తలో ఒకచోట ‘కప్పు గెలిచింది’ అనీ, మరోచోట ‘గెలుచుకుంది’ అనీ ఉంది. ఫైనల్లో ఓడిన బ్రెజిల్ క్లబ్బు గురించి ‘ఫ్లమెంగోను గెలిచి’ అని కూడా రాశారు. ఇందులో ఏది సరి? జట్టు గురించి చెప్పేటప్పుడు ‘గెలిచారు’ అనవచ్చా?

సమాధానం: గెలిచింది, గెలుచుకుంది రెండూ చక్కని తెలుగే. అయితే అన్నిచోట్లా ఒకదాని బదులు ఇంకొకటి ఒదగదు.

క్రియకు ‘కొను’ చేరితే ఆ పని ఫలం చేసినవారికే దక్కిందన్న అర్థం వస్తుంది. వండింది–వండుకుంది, కట్టాడు–కట్టుకున్నాడు జంటల్లో తేడా చెవికే తెలిసిపోతుంది. అలాగే బహుమతి గెలుచుకున్నాడు, మనసు గెలుచుకున్నాడు అంటాం. పందెం గెలిచాడు, కేసు గెలిచాడు అంటాం. ‘కేసు గెలుచుకున్నాడు’ అని రాస్తే చదివేవాడు అక్కడ తడబడతాడు. దక్కిన వస్తువుకు గెలుచుకోవడం, తలపడిన పోటీకి గెలవడం.

చిక్కల్లా ‘కప్పు’తోనే. అది పోటీ పేరూ అవుతుంది, చేతికిచ్చే ట్రోఫీ కూడా అవుతుంది. అందుకే మీ వార్తలో రెండు రూపాలూ చెల్లాయి.

ఆ ఆటనే చూడండి. 2025 డిసెంబరు 17న ఖతార్‌లోని అల్ రయ్యాన్‌లో జరిగింది. క్వారత్‌స్ఖేలియా గోలుతో పీఎస్‌జీ ముందంజ వేస్తే, జోర్జినో పెనాల్టీతో ఫ్లమెంగో 1–1 చేసింది. అదనపు సమయంలోనూ తేలలేదు. చివరికి పెనాల్టీ కిక్‌లతో ఫలితం తేల్చే షూటౌట్‌లో పీఎస్‌జీ గోల్‌కీపర్ సఫోనోవ్ ఏకంగా నాలుగు కిక్‌లు ఆపేశాడు. 2–1తో కప్పు పారిస్‌దైంది. షూటౌట్‌కు వెళ్ళిన మ్యాచ్‌ని ఫుట్‌బాల్ లెక్కల్లో డ్రా కిందే రాసుకుంటారు. కాబట్టి ‘మ్యాచ్ గెలవలేదు, కప్పు గెలుచుకుంది’ అంటే ఇక్కడ చమత్కారమేమీ కాదు, ఉన్నమాటే. ఉదాహరణ వెతుక్కునే పని నాకు తప్పించారు సఫోనోవ్‌గారు!

ఇక ‘ఫ్లమెంగోను గెలిచి’. పాత తెలుగులో శత్రువును గెలవడం మామూలు ప్రయోగమే. కోపాన్ని గెలవాలి, ఇంద్రియాలను గెలిచినవాడు అని ఇప్పటికీ అంటున్నాం. కానీ ఆటల వార్తలో అలా రాస్తే ఫ్లమెంగోనే బహుమానంగా ఇచ్చారేమో అనిపిస్తుంది. ‘ఫ్లమెంగోను ఓడించి’ అనండి, ‘ఫ్లమెంగోపై గెలిచి’ అన్నా నాకు అభ్యంతరం లేదు. ఈ రెండింటినీ కలగలిపి ‘ఫ్లమెంగోపై ఓడించి’ అని రాసేవారున్నారు, అది మాత్రం తప్పు. ఓడినవారి వైపు నుంచి చెప్పేటప్పుడు ‘పీఎస్‌జీ చేతిలో ఓడింది’ అనే నుడి మనకు ఉండనే ఉంది.

‘గెలిచారు’ సంగతి తేలికే. జట్టు, క్లబ్బు ఏకవచనాలు కాబట్టి గెలిచింది అనాలి. పీఎస్‌జీ వాళ్ళు, పీఎస్‌జీ ఆటగాళ్ళు అంటే గెలిచారు. పొరపాటు ఎక్కువగా దొర్లేది క్రియలో కాదు, సర్వనామంలో. 2025లో ఆ క్లబ్బుకు ఇది ఆరో ట్రోఫీ. దాన్ని ‘జట్టు తమ ఆరో ట్రోఫీని గెలుచుకుంది’ అని రాస్తుంటారు. క్రియ ఏకవచనంలో ఉన్నప్పుడు ‘తన ఆరో ట్రోఫీని’ అనాలి. ‘తమ’ వదలబుద్ధి కాకపోతే కర్తను ‘ఆటగాళ్ళు’గా మార్చుకోండి.