గబ్బిలం గొంతు చోటును బట్టి మారుతుంది, నేను చెవులారా విన్నాను

"గబ్బిలాలు ఎక్కడైనా ఒకేలా అరుస్తాయా, చోటును బట్టి అరుపు మారుస్తాయా? చీకట్లో అంత నేర్పుగా ఎగిరే ప్రాణి మా బాల్కనీ గాజు తలుపుకు కొట్టుకుని ఎందుకు పడింది?" అని అడిగారు. మొదటి ప్రశ్నకు నా జవాబు ఒక్కటే: మారుస్తాయి. ఒక్క నిమిషంలోనే ఎన్నోసార్లు మారుస్తాయి. గాజు సంగతికి తర్వాత వస్తాను. ముందు మా చెరువు దగ్గర విన్నది చెప్పాలి.

మాది నెల్లూరు జిల్లా, విడవలూరు వైపు. రొయ్యల సాగు. వనామీ రకం రొయ్య వేసినవాడికి రాత్రి నిద్ర ఉండదు. తెల్లవారుజామున నీళ్లలో ప్రాణవాయువు పడిపోతుంది, ఆ వేళకు కరెంటు పోతే పరుగున వెళ్లి జనరేటర్ వేయాలి. ఏళ్ల తరబడి గట్టు మీదే రాత్రుళ్లు గడిపాను కాబట్టి గబ్బిలాల రాకపోకలు నాకు కొట్టిన పిండి. అయితే చూడటం వేరు, వినటం వేరు. మా అక్క కొడుకు జంతుశాస్త్రంలో పీజీ చేస్తున్న రోజుల్లో వేసవి సెలవులకు వస్తూ బ్యాట్ డిటెక్టర్ ఒకటి వెంట తెచ్చాడు. అరచేతిలో పట్టే పెట్టె, ముందు చిన్న మైకు, పక్కన తిప్పే చక్రం. శబ్దం ఎంత సన్నగా, పైస్థాయిలో ఉందో కిలోహెర్ట్జ్‌లలో కొలుస్తారు; మన చెవికి 20 కిలోహెర్ట్జ్ పైన ఏదీ వినపడదు. ఆ పెట్టె పైస్థాయి అరుపులను కిందికి దించి వినిపిస్తుంది.

సాయంత్రం మేత వేయడం అయిపోయాక ఇద్దరం గట్టు మీద నిలబడ్డాం. వాడు చక్రాన్ని 45 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంచాడు. కాసేపు నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్ల హోరు తప్ప ఏమీ లేదు. అంతలో పెట్టెలోంచి టప్... టప్... టప్ అని మొదలైంది. తల ఎత్తితే, ఇళ్ల చూరుల్లో దూరే చిన్న గబ్బిలం ఒకటి నీళ్ల మీదుగా వస్తోంది. ఆ టప్ టప్‌లు దగ్గర దగ్గరగా వచ్చి, ఒక్కసారిగా కలిసిపోయి జర్ర్‌మని గుడ్డ చించినట్టు వినిపించింది. ఒక క్షణం ఏమీ లేదు. మళ్లీ టప్... టప్. "పురుగును పట్టింది మామయ్యా" అన్నాడు వాడు. వెతికేటప్పుడు సెకనుకు పదిసార్ల దాకా అరిచే గబ్బిలం, పురుగు అందే చివరి క్షణంలో నూట యాభైకి పైగా అరుస్తుంది. నాకు ఒళ్లు పులకరించింది. ఇన్నేళ్లు నా తల మీద ఇంత సందడి జరుగుతుంటే నిశ్శబ్దంగా ఉందనుకుంటూ కూర్చున్నాను.

అలా దగ్గరపడటం ఎందుకో చెప్తాను, చాలామంది వదిలేసే విషయం ఇదే. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. అరుపు సెకనులో నూరో వంతు సాగిందనుకోండి. పురుగు 1.7 మీటర్ల కంటే దగ్గరికి వస్తే, అరవడం పూర్తికాకముందే ప్రతిధ్వని తిరిగి వచ్చేస్తుంది. తన గొంతు కిందే తనకు కావలసిన కబురు మునిగిపోతుంది. అందుకే దగ్గరయ్యే కొద్దీ అరుపును కుదిస్తుంది. చివర్లో ఒక్కో అరుపు సెకనులో వెయ్యో వంతుకు దగ్గరగా వస్తుంది. కొమ్మల మధ్యకు దూరినా అంతే. నాలుగు వైపుల నుంచి ప్రతిధ్వనులు ముసురుకుంటాయి కాబట్టి పొట్టిగా, పైనుంచి కిందికి జారే అరుపులు వేస్తుంది. అలా జారే అరుపులో ఎన్నో స్థాయులు ఉంటాయి కాబట్టి ఆకు ఏదో పురుగు ఏదో విడదీసుకోగలదు.

గట్టు దిగి చింతచెట్ల కిందికి వెళ్లగానే ఆ తేడా తెలిసిపోయింది. అదే 45 దగ్గర, అవే చిన్న గబ్బిలాలు, కానీ ఇక్కడ టకటకటకమని ఊపిరాడనట్టు కొడుతున్నాయి. తోపు దాటి కోత కోసిన వరి మడుల్లోకి వచ్చి చక్రాన్ని 30 కిందికి తిప్పితే వేరే లోకం. చాలా ఎత్తున ఎగిరే పెద్ద రకాలు తీరిగ్గా, బరువుగా ఒక్కో దెబ్బ వేస్తున్నాయి. పైస్థాయి శబ్దాన్ని గాలి తొందరగా మింగేస్తుంది, కిందిస్థాయి శబ్దం దూరం పోతుంది. అడ్డంకులు లేని ఆకాశంలో తిరిగేదానికి దూరపు చూపే కావాలి.

ఊరి చివర పాత మండపం ఉంది. అక్కడ 45 దగ్గర దాదాపు ఏమీ లేదు. పెట్టె ఎంతవరకు పోతే అంతవరకు, 130 దాకా తిప్పితే సన్నని ఈల ముక్కలు వినపడ్డాయి. ముక్కు మీద ఆకులాంటి మడత ఉన్న రకం. ఇవి ముక్కుతోనే అరుస్తాయి, ఒకే స్థాయిని పట్టుకుని ఉంటాయి. పురుగు రెక్క ఆడిస్తే తిరిగొచ్చే స్థాయిలో కలిగే వణుకును బట్టి దాన్ని ఏరుకుంటాయి. ఇలాంటి పనే చేసే లాడపు గబ్బిలాలు తాము ముందుకు ఎగరడం వల్ల ప్రతిధ్వని స్థాయి పెరుగుతుందని అరుపును ఆ మేరకు తగ్గించుకుంటాయని ష్నిట్జ్‌లర్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1968లోనే చూపించాడు. మండపం దూలం కింద టార్చి వేస్తే కప్ప కాళ్లు, చిమ్మట రెక్కలు, ఎండిన రెట్ట. అది పెద్ద చెవుల గబ్బిలం తిన్న చోటు. దాని అరుపు గుసగుస. చాలాసార్లు కప్ప కదలికనూ ఎలుక అడుగులనూ చెవులతో విని పడుతుంది.

చోటు ఒక్కటే కాదు, పక్కన ఎవరున్నారన్నది కూడా లెక్కే. మన పొరుగునే, మదురై ప్రాంతపు ఎలుకతోక గబ్బిలాల మీద హాబర్‌సెట్జర్ చేసిన పరిశోధన 1981లో అచ్చయింది. ఒంటరిగా ఎగిరితే 32.5 కిలోహెర్ట్జ్ దగ్గర అరుస్తాయి. గుంపుగా ఎగిరితే 30, 32.5, 35 అని మూడు స్థాయులుగా పంచుకుంటాయి. ఒకరి ప్రతిధ్వని మరొకరి దానితో కలవకుండా ఉండటానికి! ఇంత తెలివైన ప్రాణిని పట్టుకుని "గుడ్డి గబ్బిలం" అంటుంటే నాకు మహా కష్టంగా ఉంటుంది. గబ్బిలాలకు కళ్లున్నాయి, కనిపిస్తుంది కూడా. చింతచెట్లకు వేలాడే పెద్ద పళ్ల గబ్బిలాలైతే అసలు ఈ ప్రతిధ్వని పద్ధతినే వాడవు, కళ్లతో, ముక్కుతో బతుకుతాయి. తోటల మీద కట్టే సన్నని వలల్లో అవి చిక్కుకుపోవడానికి నా లెక్కలో కారణం ఇదే. మా చెరువుల మీద కొంగలు రాకుండా నైలాన్ దారాలు లాగుతాం. చిన్న గబ్బిలాలు వాటి సందుల్లోంచి చక్కగా దాటిపోవడం రోజూ చూస్తాను. వల కట్టక తప్పదంటే బిగువుగా, తెల్లగా కనిపించేలా కట్టండి, వదులుగా వేలాడదీయకండి.

ఇంకో బాధ కూడా చెప్పాలి. 1972 నాటి వన్యప్రాణి చట్టంలో పళ్ల గబ్బిలాలను కాకులు, ఎలుకలతో కలిపి చీడ జాబితాలో పెట్టారు. 2022 సవరణ దాకా అలాగే ఉంచారు. 2018లో కేరళలో పళ్ల గబ్బిలాల నుంచి సోకే నిఫా వైరస్ వచ్చినప్పుడు, ఆ తర్వాత కరోనాలో, చింతచెట్లు కొట్టేయమని మా ఊళ్లోనే కొందరు పంచాయతీ మీద పడ్డారు. మండపాలకు రంగులేసి, గ్రిల్లు బిగించి, రాత్రంతా ఫోకస్ లైట్లు వెలిగించడం ఇప్పుడు కొత్త మోజు. ముఖద్వారం మీద దీపం పడితే గబ్బిలం బయటికి రావడానికే జంకుతుంది. పురుగులు ఎక్కువగా లేచే తొలి జాము కాస్తా పోతుంది. దోమలు పెరిగాయని గోల పెట్టేదీ మళ్లీ ఆ ఊరివాళ్లే.

ఇక మీ గాజు తలుపు. మా చెరువులో ఏరేటర్ లేని మూల, నీళ్లు అద్దంలా ఉండే చోటనే గబ్బిలాలు ఎక్కువగా తిరుగుతాయి. నున్నటి నీటి మీద ఏటవాలుగా పడ్డ అరుపు వెనక్కి రాదు, ముందుకు జారిపోతుంది. దాని మీద ఎగిరే పురుగు ఒక్కటే ప్రతిధ్వని ఇస్తుంది, అందుకే తేలిగ్గా దొరుకుతుంది. మీ గాజు కూడా నున్ననిదే, కాకపోతే నిలువుగా ఉంది. పక్కనుంచి వచ్చే గబ్బిలానికి అక్కడ ప్రతిధ్వని లేదు, అంటే దారి తెరిచి ఉన్నట్టే. 2017లో అచ్చయిన ఒక పరిశోధనలో చీకటి సొరంగంలో నునుపైన నిలువు పలక పెట్టి చూస్తే 21 గబ్బిలాల్లో 19 దానికి కొట్టుకున్నాయి. దాని నేర్పులో లోపం లేదు, అడవిలో నిలువుగా నిలబడ్డ నున్నటి గోడ ఎక్కడుంటుంది చెప్పండి? తలుపు బయటివైపు గరుకు తెర గానీ వెదురు చాప గానీ వేలాడదీయండి, ప్రతిధ్వని దొరుకుతుంది. పడిన గబ్బిలాన్ని మాత్రం వట్టి చేత్తో ముట్టకండి, కరిస్తే రేబీస్ భయం ఉంది. మందపాటి గుడ్డతో అట్టపెట్టెలోకి తీసి, చీకటి పడ్డాక ఎత్తైన గోడ మీద వదలండి. చాలా రకాలకు నేల మీదనుంచి లేవడం కష్టం, పైనుంచి జారితేనే రెక్క అందుకుంటాయి.