మాస్టారి జవాబులు: కార్మార్థెన్ నుంచి కంభం దాకా

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. కిందటి సంచికలో స్వల్ప మెజారిటీల గురించి రాస్తూ, బ్రిటన్‌లోని వేల్స్‌లో కార్మార్థెన్ అనే చోట ఒకాయన మూడు ఓట్లతో ఓడిపోయారని, ఇప్పుడా నియోజకవర్గమే లేదని రాసి వదిలేశారు. మా అల్లూరు నియోజకవర్గం కూడా 2009 ఎన్నికల నాటికి లేకుండా పోయింది. అందుకే ఆ మాట నా మనసులో నిలిచిపోయింది. పూర్తి కథ చెప్పగలరా?
– ఒక పాఠకుడు, అల్లూరు

జవాబు: ఈ ప్రశ్న ఎవరైనా అడిగితే బాగుండునని ఎదురుచూశాను. ఎన్నికల లెక్కలు చదవడం నాకు చిన్ననాటి నుంచీ ఉన్న ఇష్టం. ఎన్ని చోట్ల లెక్కలు చూసినా, కార్మార్థెన్ దగ్గర ఆగినంతసేపు ఇంకెక్కడా ఆగలేదు.

వేల్స్ నైరుతి భాగంలో టవీ నది లోయ చుట్టూ ఉన్న ప్రాంతం అది. పాడి రైతులు ఎక్కువ. చిన్న చిన్న సంత ఊళ్ళు, కొంత మేర బొగ్గు గనులు. ఇంట్లోనూ సంతలోనూ వేల్ష్ భాష గట్టిగా వినిపించే నేల. 1918లో ఏర్పడిన ఆ పార్లమెంటు సీటు 1997 దాకా నిలిచింది.

మొదట్లో లిబరల్ పార్టీదే అక్కడ పైచేయి. 1924 ఉప ఎన్నికలో సర్ ఆల్ఫ్రెడ్ మాండ్ అనే పెద్ద పారిశ్రామికవేత్తను లిబరల్‌గా గెలిపించారు. భూమి విధానం విషయంలో లిబరల్ పార్టీ ప్రముఖుడు, మాజీ ప్రధాని లాయిడ్ జార్జ్‌తో పొసగక ఆయన రెండేళ్ళకే కన్సర్వేటివ్ పార్టీలోకి వెళ్ళిపోయారు. సీటుకు మాత్రం రాజీనామా చేయలేదు. పార్టీ మారితే సభ్యత్వం పోతుందనే మన రాజ్యాంగంలోని పదో షెడ్యూలు లాంటి చట్టం బ్రిటన్‌లో ఇప్పటికీ లేదు. 1928లో ఆయన పార్లమెంటు ఎగువసభ అయిన ప్రభువుల సభకు వెళ్ళడంతో మళ్ళీ ఉప ఎన్నిక వచ్చింది. లిబరల్ అభ్యర్థికి 10,201 ఓట్లు, లేబర్ అభ్యర్థి డేనియల్ హాప్కిన్‌కు 10,154. తేడా 47. మరుసటి ఏడాదే హాప్కిన్ గెలిచారు, 1931లో ఓడారు, 1935లో మళ్ళీ గెలిచారు. 1945లో దేశమంతా లేబర్ పార్టీకి పట్టం కడితే, ఇక్కడ మాత్రం లేబర్ చేతిలో ఉన్న సీటును రిస్ హాప్కిన్ మోరిస్ అనే లిబరల్ గెలుచుకున్నారు. గాలి ఎటు వీస్తే అటు వాలే జనం కారు వాళ్ళు. నాకు ఆ ఊరంటే గౌరవం కలిగింది అక్కడే.

మోరిస్ మరణంతో 1957లో ఉప ఎన్నిక జరిగింది. మాజీ ప్రధాని లాయిడ్ జార్జ్ కూతురు మెగాన్ అప్పటికి తండ్రి పార్టీని వదిలి లేబర్‌లో చేరి ఉన్నారు. తండ్రి పార్టీ అభ్యర్థి మీదే పోటీ చేసి 3,069 ఓట్లతో నెగ్గారు. 1956లో ఈజిప్టులోని సూయజ్ కాలువ మీద బ్రిటన్ ప్రభుత్వం చేసిన సైనిక చర్యను ఆ లిబరల్ అభ్యర్థి సమర్థించడం ఆమెకు కలిసివచ్చింది.

1966 మేలో ఆమె కన్నుమూశారు. జూలై 14న జరిగిన ఉప ఎన్నికలో ప్లైడ్ కమ్రి అనే వేల్స్ జాతీయ పార్టీ తరఫున గ్విన్‌వోర్ ఎవాన్స్ గెలిచారు. 1925లో పుట్టిన ఆ పార్టీకి పార్లమెంటులో అదే మొట్టమొదటి సీటు. 1970లో ఆయన గ్వినోరో జోన్స్ అనే లేబర్ యువకుడి చేతిలో 3,907 ఓట్లతో ఓడారు. ఆ ఇద్దరే 1974 ఫిబ్రవరి 28న మళ్ళీ తలపడ్డారు. పలుమార్లు లెక్కించిన తర్వాత తేలింది: జోన్స్‌కు 17,165, ఎవాన్స్‌కు 17,162.

బ్యాలెట్ పేపర్ల కాలంలో నెల్లూరులో ఓట్ల లెక్కింపు బల్ల దగ్గర పనిచేసినవాణ్ణి కాబట్టి ఈ అంకెలు చూస్తే నాకు కాగితాలు కళ్ళముందు కదులుతాయి. ఓటరు ముద్ర వేసి, సిరా ఆరకముందే కాగితం మడిస్తే ఆ గుర్తు ఇంకో అభ్యర్థి గడిలో కూడా అంటుకుంటుంది. అప్పుడు ఆ కాగితాన్ని పాత మడతల మీదే మళ్ళీ మడిచి చూడాలి. అంటుకున్న గుర్తు పలచగా, ఎదురు దిశకు తిరిగి ఉంటుంది. అద్దంలో తిరగబడి కనిపించే గుర్తును మన ముద్రకు ఎంచుకున్నది అందుకే. ఏజెంట్లు ఇద్దరూ బల్ల మీదికి వంగి చూస్తుంటే, రిటర్నింగ్ అధికారి ఆ కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి నిర్ణయం చెప్పేవారు. బ్రిటన్‌లో ముద్ర ఉండదు, పెన్సిలుతో గడిలో ఇంటూ గుర్తు పెడతారు. అక్కడా సందేహపు కాగితాలు తప్పవు. కార్మార్థెన్‌లో ఇద్దరంటే ఇద్దరు ఓటర్లు మనసు మార్చుకుని ఉంటే ఎవాన్స్ ఒక్క ఓటుతో గెలిచేవారు. మన రాష్ట్రంలో 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానాన్ని కొణతాల రామకృష్ణ 9 ఓట్లతో గెలిచిన సంగతి పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది.

మళ్ళీ కార్మార్థెన్‌కు వద్దాం. అక్కడ 1974 అక్టోబరులోనే మరో ఎన్నిక వచ్చింది. ఈసారి ఎవాన్స్ 3,640 ఓట్లతో గెలిచారు. 1979లో లేబర్ అభ్యర్థి రోజర్ థామస్ చేతిలో ఓడారు. ఆ తర్వాత 1997లో రద్దయ్యేదాకా సీటు లేబర్‌దే.

ప్రశ్న: మాస్టారూ, సభ్యుడు చనిపోయి ఉప ఎన్నిక వస్తే సానుభూతి ఆ పార్టీకే వెళ్తుంది కదా. మన ఆత్మకూరులో 2022లో అలాగే జరిగింది. 1966లో కార్మార్థెన్‌లో ఎందుకు జరగలేదు? లేబర్ అభ్యర్థి బలహీనుడా?
– డిగ్రీ విద్యార్థిని, కావలి

జవాబు: మంచి ప్రశ్న అమ్మా. ఆత్మకూరులో మంత్రి గౌతమ్ రెడ్డి అకాల మరణం తర్వాత ఆయన తమ్ముడే నిలబడ్డారు. తెలుగుదేశం పోటీ చేయలేదు. మెజారిటీ 82 వేలు దాటింది. మెగాన్ స్థానంలో ఆమె కుటుంబం నుంచి ఎవరూ నిలబడలేదు. నాలుగు పార్టీలూ బరిలో ఉన్నాయి.

అభ్యర్థి బలహీనుడు కాదు. గ్విలిమ్ ప్రిస్ డేవిస్ న్యాయవాది, వేల్ష్ భాష మీద, వేల్స్ హక్కుల మీద ప్రాణం పెట్టిన మనిషి. ఈ అంకెలు కాగితం మీద రాసుకుని చూడు. మార్చి సాధారణ ఎన్నికలో లేబర్ 21,221, లిబరల్ 11,988, ప్లైడ్ కమ్రి 7,416, కన్సర్వేటివ్ 5,338. జూలైలో ప్లైడ్ కమ్రి 16,179, లేబర్ 13,743, లిబరల్ 8,650, కన్సర్వేటివ్ 2,934. మూడో స్థానంలో ఉన్న పార్టీ నాలుగు నెలల్లో మొదటికి వచ్చింది. మిగిలిన మూడు పార్టీలకూ ఓట్లు తగ్గాయి. అంటే ఇది ఒక పార్టీ మీద కోపం మాత్రమే కాదు, ఒక మనిషి వైపు జనం కదలడం.

ఆ మనిషి అక్కడివాడు. పుట్టింది బారీ అనే ఓడరేవు పట్టణంలో అయినా, లాంగాడోగ్ అనే పల్లెలో స్థిరపడి టమాటాలు పండించి అమ్మేవారు. 1949 నుంచి కౌంటీ కౌన్సిల్‌లో సభ్యుడు. చిన్న పల్లెబడులు మూతపడతాయన్న భయం జనంలో ఉంది. కార్మార్థెన్ నుంచి అబెరిస్ట్‌విత్ వెళ్ళే ప్రయాణికుల రైలును 1965లో ఆపేశారు. అదే ఏడాది, ఇంకో జిల్లాలోని ట్రవెరిన్ లోయలో లివర్‌పూల్ నగరానికి నీళ్ళ కోసం కాపెల్ కెలిన్ అనే ఊరిని జలాశయంలో ముంచేశారు. ఆ బిల్లుకు వేల్స్ నుంచి ఎన్నికైన ఒక్క సభ్యుడూ ఓటు వేయలేదు, అయినా ఆమోదం పొందింది. సోమశిల ముంపు ఊళ్ళ బాధ విన్న మన జిల్లా వాళ్ళకు ఇది ఎంత లోతుగా తగులుతుందో వేరే చెప్పనక్కరలేదు. ఆ ఊరి కోసం నిలబడి పోరాడినవారిలో ఎవాన్స్ ముందున్నారు.

ఇంకో సంగతి. లేబర్ ప్రభుత్వానికి మార్చిలోనే భారీ మెజారిటీ వచ్చేసింది. ఈ ఒక్క సీటుతో ప్రభుత్వం పడిపోదు, నిలబడదు. ఓటరుకు అలాంటి స్వేచ్ఛ ఉప ఎన్నికలోనే దొరుకుతుంది. మన దగ్గర అదే సమయంలో నిధులు, రోడ్లు, పింఛన్ల మాట చెప్పి ఆ స్వేచ్ఛను లాగేసుకుంటారు. ఇది నాకు చాలాకాలంగా ఉన్న బాధ.

ప్రశ్న: గ్విన్‌వోర్ ఎవాన్స్ ఆమరణ దీక్ష చేస్తానంటే బ్రిటన్ ప్రభుత్వం దిగివచ్చిందని విన్నాను. పొట్టి శ్రీరాములు గారి దీక్షతో దాన్ని పోల్చవచ్చా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: పోల్చాలంటే జాగ్రత్తగా పోల్చాలి. రెండింటినీ ఒకే తూకంలో వేయడానికి నాకు మనసొప్పదు.

వేల్ష్ భాషలో ప్రత్యేక టీవీ చానల్ పెడతామని 1979 ఎన్నికల్లో కన్సర్వేటివ్ పార్టీ మాట ఇచ్చింది, గెలిచాక వెనక్కు తగ్గింది. ఎవాన్స్ అప్పటికి కార్మార్థెన్‌లో ఓడిపోయి ఉన్నారు, పార్టీ అధ్యక్షుడే గానీ పార్లమెంటులో సీటు లేదు. ఆయన క్రైస్తవ విశ్వాసం గల అహింసావాది, గాంధీజీ అంటే అభిమానం, రెండో ప్రపంచయుద్ధంలో ఆయుధం పట్టనని నిలబడినవారు. 1980 అక్టోబరు 6న ఆమరణ నిరాహార దీక్ష మొదలుపెడతానని ప్రకటించారు. చానల్ కోసం ఎంతోమంది టీవీ లైసెన్సు రుసుము కట్టబోమని భీష్మించారు. సెప్టెంబరు 17న ప్రభుత్వం ఒప్పుకుంది. దీక్ష మొదలు కాకుండానే ముగిసింది. ఎస్4సి అనే ఆ చానల్ 1982 నవంబరు 1న ప్రసారాలు ప్రారంభించింది. ఎంపీగా సాధించలేనిది ఓడిపోయాక సాధించారు.

మన శ్రీరాములు గారు 1952 అక్టోబరు 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి గారి ఇంట దీక్షకు కూర్చుని, డిసెంబరు 15 రాత్రి, 58వ రోజున ప్రాణం విడిచారు. ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని నెహ్రూ ప్రకటించింది ఆ తర్వాతే. అంతకుముందు 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనుల ప్రవేశం కోసం ఆయన దీక్ష చేసిన సంగతి మన పిల్లలకు చెప్పేవాళ్ళు తగ్గిపోయారు. లండన్ మొదటి రోజు రాకముందే మెత్తబడింది. ఢిల్లీ 58 రోజులు చూస్తూ కూర్చుంది. ఈ రెండు తేదీలు పక్కపక్కన రాసుకున్నప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టవుతుంది.

ప్రశ్న: మా కంభం కూడా 2009లో పోయి గిద్దలూరులో కలిసింది. నియోజకవర్గం పోతే దాని చరిత్ర ఎవరు భద్రపరచాలి?
– ఒక పాఠకురాలు, కంభం

జవాబు: అమ్మా, 2001 జనాభా లెక్కల మీద జరిగిన పునర్విభజనలో ప్రకాశంలో కంభం, మార్టూరు, నెల్లూరులో అల్లూరు, రాపూరు పోయాయి. అల్లూరు మండలం కావలికి, రాపూరు వెంకటగిరికి వెళ్ళాయి. పునర్విభజన కమిషన్ ఉత్తర్వును కోర్టులో ప్రశ్నించరాదని చట్టం చెబుతుంది, ఎంతో అసాధారణమైన సందర్భంలో తప్ప కోర్టులు అందులో జోక్యం చేసుకోవు. కాబట్టి గీత మారిందని వాపోయే బదులు, గీత మారకముందు జరిగినదాన్ని కాపాడుకోవడం మన చేతుల్లో ఉన్న పని.

కార్మార్థెన్ వాళ్ళు ఆ విషయంలో అదృష్టవంతులు. అబెరిస్ట్‌విత్‌లోని వేల్స్ జాతీయ గ్రంథాలయంలో 1983 నుంచి రాజకీయ పత్రాల భాండాగారం నడుస్తోంది. నాయకుల ఉత్తరాలతో పాటు, ఎన్నికల్లో పంచిన మామూలు కరపత్రాలు కూడా దాచిపెడతారు. సీటు పోయినా ఆ నేల మాట పోలేదు కూడా. 1997 మేలో నియోజకవర్గం రెండు కొత్త సీట్లలోకి చీలిపోయింది. సెప్టెంబరు 18న వేల్స్‌కు సొంత శాసనసభ కావాలా వద్దా అని ప్రజాభిప్రాయం అడిగారు. ఫలితాలు ఒక్కొక్కటే వస్తుంటే వద్దన్న పక్షమే ముందుంది. చిట్టచివర కార్మార్థెన్‌షైర్ లెక్క వచ్చి, 6,721 ఓట్ల తేడాతో కావాలన్న పక్షాన్ని గెలిపించింది. 2024లో వేల్స్ సీట్లను 40 నుంచి 32కు కుదించినప్పుడు, ఆ పట్టణపు వేల్ష్ పేరుతోనే ఒక సీటు మళ్ళీ ఏర్పడింది. దాన్ని ప్లైడ్ కమ్రి గెలిచింది.

మీరు చేయదగిన పని చెబుతాను. 2004 వరకూ జరిగిన ప్రతి శాసనసభ ఎన్నికలో కంభం అభ్యర్థులు ఎవరు, ఎవరికి ఎన్ని ఓట్లు వచ్చాయన్నది ఎన్నికల సంఘం గణాంక నివేదికల్లో ఉంది. ముందు దాన్ని ఒక నోటు పుస్తకంలో దించుకోండి. తర్వాత, బూత్ ఏజెంట్లుగా కూర్చున్న పెద్దలు మీ ఊళ్ళో ఇంకా ఉంటారు. వాళ్ళ దగ్గరకు ఆ పుస్తకం తీసుకువెళ్ళండి. అంకె చూడగానే జ్ఞాపకం కదులుతుంది, ఉత్త చేతులతో అడిగితే కదలదు. పాత కరపత్రాలు ఎవరింట్లోనైనా దొరికితే ఫోనుతో రెండువైపులా ఫొటో తీసి మాకు పంపండి, ఈ శీర్షికలో వేస్తాం. అడుగున సన్నటి అక్షరాల్లో ఉండే ప్రెస్సు పేరు, ప్రచురించినవారి పేరు ఫొటోలో కోసేయకండి. ఎన్నికల కరపత్రం మీద అవి ఉండాలన్నది చట్టం. ఆ కాగితం ఏ ఊళ్ళో అచ్చయింది, ఎవరు వేయించారు అన్నది తేల్చుకోవడానికి మనకు ఆ ఒక్క వరుసే ఆధారం.