భార్య పేరు దాచి, అప్పు తెచ్చి కెనడా దరఖాస్తా?

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. బీటెక్ చేసి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్షలో సీఎల్‌బీ 9 (సీఎల్‌బీ అంటే కెనడా వాడే భాషా స్థాయి కొలత) వచ్చింది. నా భార్య కూడా బీటెక్, బాబు పుట్టాక ఉద్యోగం మానేసింది. బాబుకు మూడేళ్లు. కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (పాయింట్లను బట్టి శాశ్వత నివాసానికి ఎంపిక చేసే పద్ధతి) స్కిల్డ్ వర్కర్‌గా దరఖాస్తు చేయాలనుకుంటున్నాం. మా పొదుపంతా కలిపితే 16 వేల కెనడా డాలర్లు అవుతుంది. భార్యను, బాబును దరఖాస్తులో పెట్టకపోతే పాయింట్లు పెరుగుతాయని, డబ్బు కూడా తక్కువ చూపిస్తే చాలని కన్సల్టెంట్ అంటున్నాడు. తగ్గితే మా బావగారు నూటికి రెండు రూపాయల వడ్డీకి ఆరు నెలలు సర్దుతానన్నారు. దాన్ని బహుమతి అని కాగితం రాయించుకోవచ్చట. నగలు తాకట్టు పెట్టే ఆలోచన కూడా ఉంది. ఏది మంచిది?

సమాధానం: ముందు అప్పు సంగతి తేల్చేద్దాం. వద్దు. సెటిల్‌మెంట్ ఫండ్స్ (అక్కడ కుదురుకోవడానికి మీ దగ్గర ఉందని చూపాల్సిన మొత్తం) కింద చూపే డబ్బు అప్పు తెచ్చింది కాకూడదని కెనడా ఇమిగ్రేషన్ శాఖ స్పష్టంగా చెబుతోంది. బ్యాంకు ఇచ్చే లెటర్‌లో ఖాతా ఎప్పుడు తెరిచారు, ఇప్పుడు ఎంత ఉంది, గత ఆరు నెలల సగటు నిల్వ ఎంత, క్రెడిట్ కార్డు బాకీలు, లోన్లు ఏమున్నాయి, అన్నీ ఉండాలి. ఐదు నెలలు ఖాళీగా ఉన్న ఖాతాలోకి ఆరో నెలలో పెద్ద మొత్తం వచ్చి పడితే సగటు దగ్గరే తేడా కనిపిస్తుంది. ఈ డబ్బు ఎక్కడిదని అడిగినప్పుడు ఉత్తుత్తి బహుమతి పత్రం చూపిస్తే అది తప్పుడు సమాచారం ఇచ్చినట్టే. తేలిందంటే ఐదేళ్లు కెనడా తలుపు మూసుకుపోతుంది. ఆ కాగితాల మీద ఉండేది మీ సంతకం, కన్సల్టెంట్‌ది కాదు.

పైగా ఆరు నెలలు సరిపోవు. డబ్బు దరఖాస్తు రోజునే కాదు, వీసా ఇచ్చే నాటికీ మీ దగ్గర ఉండాలి. సగటు నిల్వ కోసం ముందు ఆరు నెలలు, ఫైలు పరిశీలనకు మామూలుగా ఇంకో ఆరు నెలలు. అంటే ఏడాదికి 24 శాతం వడ్డీ కడుతూ, ముట్టుకోవడానికి వీల్లేని డబ్బును కాపలా కాయాలన్నమాట. ఇంత చదువుకున్నవాళ్లు ఈ లెక్క వేసుకోకుండా బావగారి దగ్గరికి ఎలా వెళతారో నాకు అర్థం కాదు.

ఇక మీ శ్రీమతి, బాబు పేర్లు. కుటుంబాన్ని దరఖాస్తులో చూపించడం తప్పనిసరి. వాళ్లు మీతో వస్తున్నారా, లేదా అన్నది మాత్రమే మీ ఇష్టం. రాకపోయినా వివరాలు రాయాల్సిందే, మెడికల్ చేయించాల్సిందే. అసలు చూపించకపోతే, రేపు మీరు పీఆర్ (శాశ్వత నివాస హోదా) తీసుకుని అక్కడి నుంచి స్పాన్సర్ చేద్దామన్నా మామూలు నిబంధన ప్రకారం ఫ్యామిలీ క్లాస్‌లో (కుటుంబ సభ్యులను రప్పించుకునే విభాగం) వాళ్లకు చోటుండదు. దరఖాస్తు పెట్టాక పెళ్లి చేసుకుని, ఆ మాట శాఖకు చెప్పకుండా విమానం ఎక్కేవాళ్లకూ ఇదే గతి. దరఖాస్తు నాటికి పెళ్లి కాలేదు కదా అంటే కుదరదు, కెనడాలో దిగే రోజుకు ఉన్న కుటుంబమే లెక్క.

డబ్బు తక్కువ చాలన్న మాటా నిజం కాదు. వెంట రాని భార్యాబిడ్డలు కూడా కుటుంబ సంఖ్యలోకి వస్తారు. 2025 జులైలో సవరించిన ప్రకారం ఒక్కరికైతే 15,263, ఇద్దరికి 19,001, ముగ్గురికి 23,360 డాలర్లు. ఏటా మారుస్తుంటారు కాబట్టి దరఖాస్తుకు ముందు మళ్లీ చూసుకోండి. మీరొక్కరే వెళ్లినా మీకు వర్తించేది ముగ్గురి లెక్కే.

పాయింట్లలో మాత్రం కన్సల్టెంట్ సగం నిజం చెప్పాడు. మీరొక్కరే వెళుతున్నట్టు చూపితే వయసుకు 88, చదువుకు 120, భాషకు 124 వస్తాయి. భార్యతో కలిసి వెళితే అవే 80, 112, 116 అవుతాయి. పోయేది 24. కానీ ఆమె బీటెక్‌కు ఈసీఏ (మన డిగ్రీ కెనడాలో దేనికి సమానమో చెప్పే మదింపు) చేయిస్తే 8 పాయింట్లు, ఆమె కూడా సీఎల్‌బీ 9 తెచ్చుకుంటే ఇంకో 20 కలుస్తాయి. మొత్తం 28. అంటే కలిసి వెళితేనే నాలుగు పాయింట్లు ఎక్కువ! సీఎల్‌బీ 9 అంటే లిజనింగ్‌లో 8, మిగతా మూడింటిలో 7. అన్నింటిలో సీఎల్‌బీ 7 దగ్గరే ఆగినా 20 వస్తాయి, తగ్గేది నాలుగే. ఒక పరీక్ష ఫీజుతో తేలే విషయానికి మీరు కుటుంబాన్నే పక్కన పెట్టబోయారు.

నాకు అసలు బెంగ పెట్టింది వేరే విషయం. మీ ఉత్తరంలో ఎమర్జెన్సీ ఫండ్ అన్న మాటే లేదు. ఉన్న 16 వేలూ చూపించడానికే. అందులోనే ఫీజులు కూడా పోవాలి. 2024 ఏప్రిల్ నాటి రేట్ల ప్రకారమే ఇద్దరు పెద్దవాళ్లకు 1,525 చొప్పున, బాబుకు 260, కలిపి 3,310 డాలర్లు. బయోమెట్రిక్స్, మెడికల్, టికెట్లు ఇంకా లెక్కలోకి రాలేదు.

సెటిల్‌మెంట్ ఫండ్స్ అంటే చూపించి తిరిగిచ్చేసే డబ్బు కాదు. ఆ అంకెను కుటుంబానికి ఏడాదికి కావాల్సిన కనీస ఆదాయంలో సగంగా లెక్కగట్టారు. జీతం లేకుండా, చేయి బిగబట్టి బతికితే ఆరు నెలలు. పీఆర్ వచ్చినంత మాత్రాన ఉద్యోగం రాదు. వెళ్లగానే ఇల్లు వెతకాలి. ఒంటారియోలో మొదటి నెల అద్దెతో పాటు చివరి నెలది కూడా ముందే అడుగుతారు. క్రెడిట్ హిస్టరీ లేని కొత్తవాళ్లకు ఇల్లు ఇవ్వడానికే చాలామంది వెనకాడతారు. బ్రిటిష్ కొలంబియాకు వెళితే ప్రభుత్వ వైద్య బీమా మొదలయ్యేది దిగిన నెల పోను ఇంకో రెండు నెలలకు. ఆ మధ్యకాలానికి ప్రైవేటు పాలసీ తీసుకోకుండా మూడేళ్ల పిల్లాడితో దిగవద్దు. సరిగ్గా అప్పుడే బావగారు వడ్డీ కోసం ఫోన్ చేస్తే ఎక్కడి నుంచి తెచ్చి కడతారు?

అందుకే నా షరతు ఒకటే. చూపించాల్సిన 23,360 డాలర్లు ఒక పక్క. దాన్ని ముట్టుకోకుండా, ఇప్పటి మీ ఇంటి ఖర్చుకు ఆరు నెలలకు సరిపడా మొత్తం, దాంతోపాటు ముగ్గురి తిరుగు టికెట్ల డబ్బు ఇంకో పక్క, వేరే ఖాతాలో. ఇక్కడ తల్లిదండ్రులకు ఏదైనా అయితే వాడాల్సింది ఈ రెండో ఖాతానే. ఇది లేకుండా దరఖాస్తు పెట్టవద్దు. భార్యాబిడ్డలను ఇక్కడే ఉంచి వెళితే ఈ ఫండ్ తగ్గదు, పెరుగుతుంది, ఎందుకంటే రెండు ఇళ్లు నడపాలి.

ప్రస్తుతానికి మీరు సిద్ధంగా లేరు. ఏడాది వాయిదా వేసుకోండి. మీ వయసుకు కొన్ని పాయింట్లు తగ్గుతాయి, నిజమే. కానీ ఈలోపు మీ శ్రీమతికి కుదిరితే మళ్లీ ఉద్యోగంలో చేరవచ్చు, ఐఈఎల్‌టీఎస్ రాయవచ్చు. జాయింట్ ఖాతాలో ఉన్న ఆమె పొదుపు కూడా మీ ఫండ్స్ కిందికే వస్తుంది. వీసాలు వచ్చాక ముందు మీరు వెళ్లి కుదురుకుని, గడువు దాటకుండా వాళ్లను రప్పించుకోవచ్చు. ఆ గడువు పొడిగిస్తారన్న ఆశ మాత్రం పెట్టుకోవద్దు. తర్వాత స్పాన్సర్ చేసే దారి ఉంది గానీ అది మరో దరఖాస్తు, మరో ఎదురుచూపు. అక్కడి ఏదైనా ప్రావిన్స్ (మన రాష్ట్రం లాంటిది) మిమ్మల్ని నామినేట్ చేస్తే 600 పాయింట్లు కలుస్తాయి, దానికీ ప్రయత్నించండి.

నగల విషయానికి వస్తే, తాకట్టు కూడా అప్పే, అదే బ్యాంకులో పెడితే లెటర్‌లో బాకీగా కనిపిస్తుంది. అమ్మితే అది మీ సొంత డబ్బు. రసీదు, ఖాతాలో జమ అయిన వివరం దాచుకోండి. అయితే అవి ఆమె నగలు, అమ్మాలో వద్దో ఆమే చెప్పాలి. ఆమె ఐఈఎల్‌టీఎస్ ఫలితం వచ్చాక, రెండు ఖాతాల్లో ఎంతెంత చేరిందో రాసి పంపండి. ఎప్పుడు దరఖాస్తు చేయాలో అప్పుడు చూద్దాం.