లాప్‌టాప్ కోసం క్రెడిట్ కార్డా? నీ డబ్బే నువ్వు వడ్డీకి తెచ్చుకుంటున్నావు తమ్ముడూ

నల్గొండ దగ్గర పల్లె నుంచి వచ్చి హైదరాబాద్ శివార్లలో బీటెక్ మూడో ఏడు చదువుతున్న ఒక అబ్బాయి రాశాడు. సాయంత్రాలు ట్యూషన్లు చెబితే నెలకు 9,000 వస్తాయి, రెండేళ్లలో 80,000 కూడబెట్టాడు. నాన్న ఆటో నడుపుతాడు, హాస్టల్ ఫీజు 6,500 నెలనెలా ఆయనే పంపుతాడు. ఇప్పుడు 72,000 పెట్టి గేమింగ్ లాప్‌టాప్ కొనాలి. కాలేజీ గేటు దగ్గర టేబుల్ వేసుకున్న బ్యాంకు అబ్బాయి చెప్పిందేమంటే, ఆ ఎనభై వేలూ ఫిక్స్‌డ్ డిపాజిట్ (ఎఫ్‌డీ) చెయ్యి, దాని మీద 72,000 లిమిట్‌తో కార్డు ఇస్తాం, లాప్‌టాప్ ఏడాది ఈఎంఐలో తీసుకో, నీ డబ్బు కదలదు, అప్పులు టైముకి కడుతున్నావా లేదా అని చెప్పే సిబిల్ స్కోరు పెరుగుతుంది అని. చివర్లో ఇలా అడిగాడు: "అవసరమొస్తే కార్డు ఉంటుంది కదా సార్, ఎమర్జెన్సీకి కూడా పనికొస్తుంది, తీసుకోమంటారా?"

వద్దు.

ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి, అన్నిటికీ జవాబు రాయను. దీనికి రాయడానికి కారణం ఆ చివరి మాటే. కార్డు లిమిట్‌ని ఎమర్జెన్సీ ఫండ్ అనుకోవడం స్టూడెంట్లే కాదు, లక్ష రూపాయల జీతగాళ్లు కూడా చేస్తున్న పని. నీ విషయంలో ఇంకో మెలిక ఉంది. వాళ్ల దగ్గర అసలు ఫండే ఉండదు, నీ దగ్గర నిజంగానే ఉంది, దాన్ని తీసుకెళ్లి తాకట్టు పెడతానంటున్నావు.

ఎఫ్‌డీ మీద కార్డు ఇస్తే ఆ ఎఫ్‌డీ మీద బ్యాంకు లియన్ వేస్తుంది, అంటే దాన్ని తాకట్టుగా పట్టి ఉంచుతుంది. కార్డు బాకీ మొత్తం తీర్చి కార్డు మూయిస్తే తప్ప ఆ డబ్బు నీ చేతికి రాదు. లాప్‌టాప్ కొన్న రోజే 72,000 లిమిట్ మొత్తం నిండిపోతుంది, ఈఎంఐ కడుతూ పోతే అసలు ఎంత తీరితే అంత మాత్రమే మళ్లీ తెరుచుకుంటుంది. పదహారు శాతం వడ్డీ అనుకుంటే నెలకు కట్టాల్సింది సుమారు 6,530. మూడు ఈఎంఐలు కట్టాక కూడా ఇంకా 55,000 బాకీ ఉంటుంది. సరిగ్గా అప్పుడు మీ నాన్నకు డెంగీ వచ్చి పది రోజులు ఆటో తీయలేదనుకో. ప్రైవేటు ఆసుపత్రి వాళ్లు అడ్మిషన్‌కి ముందు ముప్పై వేలు కట్టమన్నారు. కార్డులో ఖాళీ ఉన్నది పదిహేడు వేలు, ఎఫ్‌డీలో నీ సొంత డబ్బు ఎనభై వేలు అద్దం వెనక బంగారంలా కనిపిస్తూ ఉంటుంది. అప్పుడు ఎవరి దగ్గరికి పోతావు? రోజూ వసూలుకొచ్చే గిరిగిరి వడ్డీ వ్యాపారి దగ్గరికో, ఫోన్‌లో లోన్ యాప్ దగ్గరికో. ఆటో తిరగలేదు కాబట్టి ఆ నెల హాస్టల్ డబ్బూ రాదు, అది నీ ట్యూషన్ డబ్బులోంచే కట్టాలి, మరి ఈఎంఐ?

బ్యాంకు అబ్బాయి చెప్పిన దాంట్లో వడ్డీ లెక్క పెద్ద మోసమేమీ కాదు, అది కూడా చెప్పాలి. ఏడాదికి వడ్డీ 6,400, దాని మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు, అన్నీ కలిపి 7,800 దాకా అవుతుంది. ఎనభై వేల ఎఫ్‌డీ మీద ఆరు శాతం చొప్పున 4,900 వస్తుంది. అంటే నష్టం మూడు వేల లోపే. నీ డబ్బు నువ్వే బ్యాంకులో పెట్టి, నీ డబ్బునే వడ్డీకి తెచ్చుకుని, మధ్యలో వాళ్లకు మూడు వేలు ఇస్తున్నావు, అంతే. నో కాస్ట్ ఈఎంఐ అన్నా ఇంతే, వడ్డీని డిస్కౌంట్ రూపంలో మినహాయించి చూపిస్తారు, దాని మీద జీఎస్టీ మాత్రం నీ దగ్గరే వసూలు చేస్తారు.

అసలు ఇబ్బంది ఒక్క నెల తప్పితే మొదలవుతుంది. నీ ఆదాయం తొమ్మిది వేలు, అందులో ఆరున్నర వేలు ఈఎంఐకి పోతుంది. వేసవి సెలవుల్లో పిల్లలు ఊళ్లకు పోతే ట్యూషన్ ఉండదు, నీకు సెమిస్టర్ పరీక్షలు వస్తే నువ్వే వెళ్లలేవు. తప్పిన ఈఎంఐ మీద పదహారు శాతం కాదు, మామూలు కార్డు వడ్డీ పడుతుంది, పైన లేటు ఫీజు. కార్డు వడ్డీని వాళ్లు 'నెలకు 3.5 శాతం' అని రాస్తారు కాబట్టి చిన్నగా కనిపిస్తుంది, మన భాషలో చెప్పుకుంటే అది మూడున్నర రూపాయల వడ్డీ, జీఎస్టీ కలిపితే నూటికి నాలుగు రూపాయలు దాటుతుంది. ఎఫ్‌డీ కార్డులకు కొన్ని బ్యాంకులు కాస్త తగ్గిస్తాయి, సరే. కానీ ఊళ్లో ఎవరైనా నాలుగు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చానంటే మీ అమ్మ ఏమంటుందో ఒకసారి అడుగు. ఆమె మహిళా సంఘంలో ఉందని రాశావు. పావలా వడ్డీ రోజుల నుంచి సంఘం లెక్కలు చూసిన మనిషికి ఏడాదికి మూడు శాతం అంటే ఏంటో, నెలకు మూడున్నర అంటే ఏంటో ఆ టేబుల్ దగ్గర కూర్చున్న కుర్రాడి కంటే బాగా తెలుస్తుంది.

మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో అడిగే కనీస మొత్తం కట్టేస్తే చాలు కదా అని నీ ఫ్రెండ్ అన్నాడని రాశావు. ఆ ఫ్రెండ్‌కి ఈ లెక్క చూపించు. 20,000 బాకీ ఉంది, ఐదు శాతం చొప్పున మినిమమ్ వెయ్యి రూపాయలు. అందులో వడ్డీ 700, జీఎస్టీ 126. వెయ్యి కడితే అసలులో తగ్గేది 174 రూపాయలు! పైగా బాకీ మోస్తున్నంత కాలం కొత్తగా కొన్న టీషర్టు మీద కూడా కొన్న రోజు నుంచే వడ్డీ, మామూలుగా వడ్డీ లేకుండా ఇచ్చే ఆ నలభై ఐదు రోజుల గడువు ఉండదు. ముప్పై శాతం దాటిన కార్డు వడ్డీ అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పు ఇస్తే, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కాబట్టి ఆ వైపు నుంచి ఎవరో వచ్చి కాపాడతారని ఎదురుచూడొద్దు.

సిబిల్ గురించి. స్కోరు పెరుగుతుంది నిజమే, టైముకి కడితే. తప్పితే పడేదీ అదే స్కోరు. రేపు బ్యాంకు పరీక్షలు రాస్తావేమో, స్టేట్ బ్యాంకు నోటిఫికేషన్లలో స్పష్టంగా ఉంటుంది, లోన్లు, క్రెడిట్ కార్డు బాకీలు ఎగవేసిన రికార్డు ఉండి, నియామక పత్రం ఇచ్చేలోపు వాటిని తీర్చనివాళ్లు నియామకానికి అర్హులు కారని. స్కోరు మీద అంత మోజుంటే ఉద్యోగం వచ్చాక ఆరు నెలల్లో తెచ్చుకోవచ్చు, ఇరవై ఏళ్ల వయసులో దానికోసం తొందరపడి సాధించేదేమీ లేదు.

మరి లాప్‌టాప్? నువ్వే చూడు. ఎనభై వేలలో ముప్పై వేలు పక్కన పెట్టు. నీ హాస్టల్, బస్సు, ఫోను, పరీక్ష ఫీజు కలిపి నెలకు తొమ్మిదిన్నర వేలు అనుకుంటే అది మూడు నెలల ఖర్చు. ఫోన్‌పే, గూగుల్ పే దేనికీ కలపని వేరే ఖాతాలో పెట్టు, ఆ ఖాతా డెబిట్ కార్డు అమ్మ బీరువాలో ఉండనీ. మిగిలింది యాభై వేలు. కార్డు తీసుకుంటే నెలకు ఆరున్నర వేలు ఎలాగూ కట్టడానికి సిద్ధపడ్డావు కదా, అందులో ఐదున్నర వేలు నాలుగు నెలలు దాచు, ఇరవై రెండు వేలు అవుతుంది. డెబ్బై రెండు వేలు నీ చేతిలో! ఏడాది బాకీ బదులు నాలుగు నెలల ఓపిక. ఆగలేనంటే నలభై ఐదు వేలలో వచ్చేది ఇప్పుడే కొను. ప్రాజెక్టుకు జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) కావాలన్నావు, గూగుల్ కోలాబ్, కాగిల్ అనే వెబ్‌సైట్లలో అది కొంత పరిమితితో ఉచితంగానే దొరుకుతుంది. ఆ లాప్‌టాప్‌లో సగం గేమ్స్ కోసమే అని నాకు అనుమానం, తప్పయితే క్షమించు.

ఇప్పటికే ఎడ్యుకేషన్ లోన్ ఉంటే అందులో కంప్యూటర్ ఖర్చు కలపమని బ్యాంకులో అడగొచ్చు, కార్డు కంటే అది చాలా నయం. లోన్ యాప్‌ల గురించి నేను మాట్లాడను, నువ్వూ మాట్లాడకు.

ఇంకోటి, నువ్వు అడగలేదు, నేను చెప్పకుండా వదలను. ఆటో నడిపే మనిషి ఇంట్లో ఉండి ఇన్సూరెన్స్ ప్రస్తావనే లేదు ఉత్తరంలో. ఆరోగ్యశ్రీ ఉంటుందిలే అనుకుంటున్నావేమో, 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో పరిమితి పది లక్షలు, మంచిదే, అయితే అది లిస్టులో ఉన్న చికిత్సలకు, లిస్టులో ఉన్న ఆసుపత్రుల్లోనే. దాని కిందికి రాని మందులకు, టెస్టులకు, పని పోయిన రోజులకు నీ ముప్పై వేలే దిక్కు. నాన్న బ్యాంకు ఖాతా ద్వారా ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, ఆయనకు యాభై లోపు ఉంటే జీవన్ జ్యోతి 436. రెండింటిలో చెరో రెండు లక్షలు, మొదటిది ప్రమాదానికి, రెండోది ఏ కారణంతో ప్రాణం పోయినా. ఈ వారం ఊరికి వెళ్లినప్పుడు నువ్వే పక్కనుండి రాయించు, నీ నెల ట్యూషన్ డబ్బులో పది శాతం కూడా కాదు అది.

ఆ కార్డు ఫారం మీద సంతకం పెట్టావో లేదో రాయలేదు. పెట్టకపోతే గొడవే లేదు. పెట్టేసి, కార్డు కూడా ఇంటికి వచ్చేసి ఉంటే యాక్టివేట్ చెయ్యకు. కార్డు జారీ అయ్యి ముప్పై రోజులు దాటాక యాక్టివేట్ చేయాలంటే బ్యాంకు నీకు ఓటీపీ పంపి ఒప్పుకోలు తీసుకోవాలి, నువ్వు ఒప్పుకోకపోతే ఏడు పని దినాల్లో పైసా తీసుకోకుండా కార్డు మూసేయాలి, ఇది రిజర్వ్ బ్యాంకు రూలు. ఎవరైనా ఫోన్ చేసి ఓటీపీ చెప్పమంటే చెప్పకు. బ్రాంచికి వెళ్లి, కార్డు వద్దు, ఎఫ్‌డీ మీద లియన్ తీసేయండి అని కాగితం మీద రాసిచ్చి, దాని జిరాక్స్ మీద స్టాంపు వేయించుకుని రా.