జొహన్నెస్‌బర్గ్ నుంచి కేప్‌టౌన్‌కి విమానంలో ఎంతసేపు పడుతుంది?

రెండూ దక్షిణాఫ్రికాలోనే ఉన్నాయి కదా, గంటలో దిగిపోతాం అనుకోకండి. గాల్లో దూరమే దాదాపు 1,270 కిలోమీటర్లు, నేరుగా వెళ్లే విమానానికి రెండు గంటల పది నిమిషాలు, అటూ ఇటూగా. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం కాస్త తగ్గుతుంది, ఎందుకంటే ఆ ఎత్తులో గాలి ఎక్కువగా పడమర నుంచి తూర్పుకి వీస్తుంది కాబట్టి విమానాన్ని వెనక నుంచి తోస్తుంది.

రోడ్డు మీదైతే ఎన్1 హైవేలో, బ్లూమ్‌ఫాంటైన్ మీదుగా సుమారు 1,400 కిలోమీటర్లు. 14 గంటలకు తక్కువైతే కాదు. అందులో చాలా భాగం కరూ మెట్ట ప్రాంతమే: పొట్టి పొదలు, గొర్రెలు, అక్కడక్కడా నీళ్లు తోడే గాలిమరలు. చూడాలన్న సరదా ఉంటే బ్యూఫోర్ట్ వెస్ట్‌లో రాత్రికి ఆగి వెళ్లండి, లేదంటే విమానమే నయం. టైమ్ జోన్ ఒకటే, వాచీ మార్చే పని లేదు.